నూనె డబ్బా లెక్క

పోయిన వేసవిలో కుడిపక్క డొక్కలో కాస్త బరువుగా వుంటోందని అనకాపల్లి వెళ్లి స్కానింగు తీయించుకున్నాను. కాగితం మీద ‘ఫ్యాటీ లివరు’ అని వుంది. తిరిగి చోడవరం వస్తుంటే, బస్సులో పక్కన కూర్చున్న మిత్రుడు ఆ కాగితం చదివి, నా చెవి దగ్గరకు వంగి, "ఎన్నాళ్లనుంచి మాస్టారూ ఈ అలవాటు?" అన్నాడు. నేను సీసా మూత వాసన కూడా చూసి ఎరగను. ప్రబంధాలు పాఠం చెప్పుకుని బతుకుతున్న తెలుగు పంతుల్ని. అయినా బస్సు దిగేదాకా తలెత్తలేకపోయాను.

మా ఆవిడ మర్నాడే పాత నూనె మానిపించి, సీసా మీద గుండె బొమ్మ వున్న ఖరీదైన నూనె తెప్పించింది. వేపుళ్లు మాత్రం వేపుళ్లలాగే సాగాయి. ఆరు నెలలకు మళ్లీ స్కానింగు తీస్తే కొవ్వు వున్నచోటే వుంది.

డాక్టరు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న కుర్రాడే. "మాస్టారూ, తిన్న నూనె తిన్నగా వెళ్లి కాలేయంలో కూర్చోదండీ" అన్నాడు. 2005లో అమెరికాలో ఇటువంటి రోగుల కాలేయాల్లోని కొవ్వు ఎక్కడిదో ఆరా తీశారట. నూటికి 59 పాళ్లు ఒంట్లో నిలవున్న కొవ్వు కరిగి రక్తంలో కొట్టుకొచ్చింది. 26 పాళ్లు తీపినీ పిండి పదార్థాన్నీ కాలేయమే కొవ్వుగా మార్చుకున్నది. అప్పటికప్పుడు తిన్న కొవ్వు నుంచి వచ్చింది 15 పాళ్లే.

పదిహేనేనా అని సంబరపడ్డాను. "మరి ఆ పొట్టలో నిలవ ఎవరు పోశారండీ?" అన్నాడు. గ్రాము బియ్యప్పిండికి 4 కేలరీలైతే గ్రాము నూనెకు 9. గుండె బొమ్మ వున్నా లేకపోయినా అంతే.

అయితే కొవ్వుల్లో తేడా లేదా అంటే, వుంది. 2014లో స్వీడను దేశస్థులు సన్నగా వున్న 39 మంది పడుచువాళ్లకు 7 వారాలు రోజూ అదనంగా కేకులు పెట్టారు. కొందరికి పామాయిలుతో, కొందరికి పొద్దుతిరుగుడు నూనెతో. అందరూ ఇంచుమించు సమానంగానే లావెక్కారు. కాలేయంలో కొవ్వు మాత్రం పామాయిలు కేకులు తిన్నవాళ్లకే బాగా పెరిగింది. నేతిదీ వెన్నదీ కూడా పామాయిలు తరహాయే. ఈ ముక్క మా అమ్మకు ఎలా చెప్పడమా అన్నదే నా బెంగ!

ఇంటికొచ్చి లెక్క వేశాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు 2024లో చెప్పిన ప్రకారం, రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి నూనే నెయ్యీ కలిపి 27 గ్రాములు, అంటే రెండు పెద్ద చెంచాలు. మేము నలుగురం. నెలకు మూడున్నర లీటర్లు. మా ఇంట్లో ఒకటో తారీఖున అయిదు లీటర్ల డబ్బా వస్తుంది, ఇరవై అయిదున చిల్లర కొట్టుకు మరో సీసా కోసం మనిషి వెళతాడు. నెయ్యి లెక్క వేరు. ఆపైన అనకాపల్లి బెల్లం పక్కనే వున్న ఊరాయె. కాఫీలో బెల్లం, భోజనం చివర బెల్లం ముక్క.

నా బరువు 84 కిలోలు. అందులో 7 నుంచి 10 శాతం, అంటే ఆరు నుంచి ఎనిమిది కిలోలు, తగ్గితే కాలేయం చాలావరకు కోలుకుంటుందన్నాడు. అంచేత మా ఆవిడ మూకుడు మానేసి ఆవపెట్టిన కూరల్లోకి దిగింది, చెంచాతో కొలిచి పోస్తోంది. అమ్మే వినలేదు. "చుక్క నెయ్యి లేకండా పప్పన్నం ఏటి తింటావురా నాయనా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నాన్నగారు పోయాక ఆవిడ నా కంచం ముందు కూర్చోని పూట లేదు. చివరికి ఒక చిన్న చెంచాకు ఒడంబడిక కుదిరింది. తెల్లవారుజామున విఘ్నేశ్వరుడి గుడిదాకా నడక కూడా ఆవిడ పెట్టిన షరతే.

నాలుగు నెలల్లో అయిదు కిలోలు దిగాను. స్కానింగు వచ్చే నెల. మొన్న ముప్ఫయ్యో తారీఖున మా ఆవిడ డబ్బాను వెలుతురుకు ఎత్తి చూపించింది. అడుగున నాలుగు వేళ్ల నూనె మిగిలివుంది. అమ్మ మాత్రం, "వీడు బయట బజ్జీలు తింటున్నట్టున్నాడే" అంది. ఆ అనుమానం పూర్తిగా అన్యాయమైనదని అనలేను.