పవర్ టిల్లరుకు ఇంజను మార్పిడి

నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967లో నీరు వదలిన పిమ్మట పలనాటి మాగాణులు దమ్ము చేయుటకు చిన్న యంత్రాలకు చోటు దొరికింది. పవర్ టిల్లరు అట్టిది. ఇంజను అరిగినంత మాత్రాన దాని గేరుపెట్టె, చక్రాలు పనికిరానివి కావు. కొత్తది కొనలేని రైతు, బావి వద్ద మూలపడిన డీజిలు ఇంజనును దానికి బిగించమని షెడ్డుకు తెస్తాడు. దీనిని అతుకుల పని అని నవ్వుట తగదు.

పాత ఇంజను నిమిషానికి 2400 చుట్లు, బావి ఇంజను 1500 చుట్లు తిరిగేవనుకుందాం. గేరుపెట్టెకు మునుపటి వేగమే అందాలంటే, అవతలి పుల్లీ మారకున్నచో, ఇంజను పుల్లీ వ్యాసం 1.6 రెట్లు కావాలి. పుల్లీలు రెండూ ఒకే వరుసలో లేనియెడల బెల్టులు నిలువవు. పైగా బావి ఇంజను బరువైనది. బండి ముందుకు వాలుతుంది, ఆ సంగతి దున్నేవాని భుజాలకు తెలుస్తుంది. అశ్వశక్తి ఎంత ఎక్కువైతే అంత లాభమనుకొనుట మరింత పొరపాటు. అదనపు బలమంతా బురదలో పాత గేర్ల పళ్లమీదనే పడుతుంది.

ఈ లెక్క మన భౌతికశాస్త్ర పాఠంలోనిదే. షెడ్డులో ఉస్తాదు దానిని నోటితో చెప్పి, శాగిర్దుచేత చేయిస్తాడు. ఆ ఉస్తాదుల పిల్లలు మన తరగతులలోనే ఉన్నారు. తండ్రి వృత్తి అడిగితే మాత్రం 'వ్యాపారం' అంటారు. (నేనూ ఒకప్పుడు అట్లే అన్నాను.) కాలేజి కమిటీవారు ఏటా ఒక్కనాడు మన ప్రయోగశాలకు ఒక ఉస్తాదును పిలిపించవలెనని, ఆనాడు అధ్యాపకులు సైతం విద్యార్థుల బల్లలపై కూర్చొనవలెనని కోరుతున్నాను. పుల్లీ కొలిచే దారం మేమే తెస్తాము.