చుక్కలతో పాటు నీళ్లూ

పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో, బీహార్‌లో పోలియో చుక్కలు పదేపదే వేసినా కొందరు పిల్లలకు జబ్బు వచ్చింది. మురుగు, విరేచనాలు, కిక్కిరిసిన ఇళ్లు కలిసి మందును పేగుల్లో సరిగా పనిచేయనివ్వలేదు. ఇటుక బట్టీలకు వలసపోయే కుటుంబాల పిల్లలకు చుక్కలు అందకుండా పోయేవి. అందుకే ఆ రెండు రాష్ట్రాల్లో ముప్పు ఎక్కువున్న 107 బ్లాకుల కోసం వేసిన ప్రణాళికలో చుక్కలతో పాటు తల్లిపాలు, చేతుల శుభ్రత, విరేచనాల చికిత్స, మరుగుదొడ్లూ చేరాయి. రైళ్లలోనూ టీకా వేశారు. 2010లో మెరుగైన టీకా తోడైంది. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు నమోదు కాలేదు.

డెంగీ వస్తే మాత్రం మనం ఆ పాఠం మరచి ఇంకా పొగ యంత్రం వైపే చూస్తున్నాం. కుళాయి రోజూ రాని వీధిలో, దోమలు పెరుగుతాయని తెలిసినా, జనం డ్రముల్లో నీళ్లు నిల్వ చేసుకోక ఏం చేస్తారు? దోమల నివారణ సమావేశంలో నీటి సరఫరా ఇంజినీరుకు కుర్చీ వేయాలని మా గట్టి అభిప్రాయం. ఈ సంచికలో డాక్టర్ల పక్కనే ఇంజినీర్లనూ, ఆశా కార్యకర్తలనూ రాయమన్నది అందుకే.