ఆడలేక పాత కారు ఓడన్నాడట!

"ఆ డొక్కు బండి అమ్మి పారెయ్ రా అబ్బయా." గత రెండేళ్లలో ఈ మాట నాకు చెప్పనివాళ్లు లేరు. నాన్న చెప్పారు, మా టీమ్ లీడ్ చెప్పాడు, ఆఖరికి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా చెప్పాడు. అందరి వాదనా ఒకటే. పాత కారు కదా, పాత కార్లు అంతే. ఆ "అంతే" అన్న ముక్క మీదే నా తగువంతా. ఈ టపా కూడా అందుకే.

ముందు కథ. నాన్న షార్‌లో పని చేస్తారు. అమ్మావాళ్లు ఉండేది శ్రీహరికోట కాలనీలో, నేనుండేది చెన్నైలో. వారం వారం ఇంటికి వెళ్లి రావడానికి ఆ కాలనీలోనే ఒకాయన దగ్గర 2010 మోడల్ పెట్రోల్ కారు కొన్నాను. ఆయన చాలా పద్ధతిగా వాడిన బండి, లక్ష కిలోమీటర్లు కూడా తిరగలేదు. ఆరు నెలలు బాగానే నడిచింది. తర్వాత మొదలైంది జబ్బు. ఒక్కోరోజు తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంటుంది. పది నిమిషాలాగి తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే మాత్రం నంగనాచిలా మొదటి తిప్పుకే అందుకుంటుంది. టెస్టర్ దగ్గర వచ్చి డెవలపర్ దగ్గర రాని బగ్ అన్నమాట.

మొదటి మెకానిక్ బ్యాటరీ పోయిందన్నాడు. 5,000. నెల రోజులు బాగుంది. రెండో ఆయన సెల్ఫ్ మోటర్ మార్చాడు. 8,500. మూడు వారాలు బాగుంది. తర్వాత ఇగ్నిషన్ స్విచ్చి, రిలే కలిపి 3,000. ఆ తర్వాత పెట్రోల్ పంపు 7,500. ఇంజనే తిరగని బండికి పెట్రోల్ పంపు ఎందుకు మార్చాడని అడక్కండి. నేనూ అడగలేదు! మొత్తం 24,000 ఖర్చయ్యాక కూడా రోగం రోగంలాగే ఉంది.

ఇక అసలు సంగతి. పోయిన నవంబర్‌లో అమ్మకి చెన్నైలో ఆపరేషన్ అయింది. డిశ్చార్జ్ చేయించి ఇంటికి తీసుకొస్తున్నాం. సూళ్లూరుపేట దాటి పులికాట్ సరస్సు మధ్యలో రోడ్డు మీద ఉండగా కడుపులో తిప్పుతోంది, కాసేపు ఆపమంది అమ్మ. ఆపి, పొరపాటున ఇంజన్ ఆఫ్ చేశాను. మళ్లీ తిప్పితే టిక్కుమంది, అంతే. రాత్రి తొమ్మిదిన్నర, సన్నటి వాన, అటూ ఇటూ నీళ్లు. వెనక సీట్లో అమ్మ కడుపు పట్టుకుని కూర్చుంది. యాభై ఎనిమిదేళ్ల నాన్న చెప్పులు విప్పి లోపల పడేసి, వానలో బండిని తోశారు. సెకండ్ గేర్‌లో క్లచ్ వదిలితే అందుకుంది. ఇల్లు చేరేదాకా ఎవరం మాట్లాడలేదు. దిగేటప్పుడు అమ్మ ఒక్క మాటే అంది, "మీ నాన్న చేత తోయించావు కదరా" అని.

మర్నాడు మళ్లీ అదే పాట, అమ్మి పారెయ్. ఎవడికి అమ్మాలండీ? రోగం చెప్తే ఎవడూ కొనడు. చెప్పకుండా అమ్మితే ఇదే కారు ఇంకొకడి అమ్మని ఇంకో రోడ్డు మీద ఆపుతుంది. దాన్ని పరిష్కారం అనరు, బగ్‌ని పక్క టీమ్ మీదికి తోయడం అంటారు.

మేముండే ఊరికి ఈ విషయంలో చాలా చరిత్ర ఉంది. 1979 ఆగస్టు 10న మొదటి ఎస్ఎల్‌వీ-3 సముద్రంలో పడింది. రెండో అంచె కంట్రోల్ వ్యవస్థలో ఒక వాల్వ్ సరిగా మూసుకోక యాసిడ్ కారిపోవడమే కారణమని తేల్చారు. 1980 జూలై 18న అదే రాకెట్ రకం రోహిణిని కక్ష్యలో పెట్టింది. 2010 డిసెంబర్ 25న జీఎస్ఎల్‌వీ-ఎఫ్06 ఎగిరిన నిమిషానికే అదుపు తప్పింది. అక్కడ పోయింది ఇంజన్ కాదు, కంప్యూటర్ నుంచి ఆదేశాలు మోసే కనెక్టర్లు ఊడిపోయాయి. 2013 ఆగస్టు 19న జీఎస్ఎల్‌వీ-డీ5 కౌంట్‌డౌన్‌ని గంటా పావు మిగిలుండగా ఆపేశారు, రెండో అంచెలో ఇంధనం కారుతోందని. వాళ్లు ఆ అంచెని కొత్తదానితో మార్చి చేతులు దులుపుకోలేదు. ట్యాంకు తయారు చేసే అల్యూమినియం మిశ్రమాన్నే మార్చారు. 2014 జనవరి 5న అది ఎగిరింది. ఎక్కడా "రాకెట్లు అంతే" అని ఎవరూ అనలేదు.

ఇవన్నీ వింటూ పెరిగిన నేను, కారు దగ్గరికి వచ్చేసరికి 24,000 పెట్టి సోది చెప్పించుకున్నాను. సిగ్గేసి 400 రూపాయల మల్టీమీటర్ కొన్నాను. బ్యాటరీ 12.6 వోల్టులు, బ్రహ్మాండం. తర్వాత మీటర్ ఒక పుల్ల బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజన్ బ్లాక్ మీద పెట్టి నాన్నని తాళం తిప్పమన్నాను. ఆ రెంటి మధ్య అర వోల్టు కూడా ఉండకూడదు. నాకు 4 వోల్టులు చూపించింది! అంటే మోటర్‌కి అందాల్సిన కరెంటు తిరిగి వచ్చే దారిలోనే ఇరుక్కుపోతోంది. ఇంజన్‌ని బాడీకి కలిపే ఎర్త్ వైరు బోల్టు విప్పితే కింద అంతా పచ్చటి చిలుము. ఇటు సముద్రం, అటు ఉప్పు సరస్సు, మధ్యలో పదమూడేళ్లు నిలబడ్డ బండి మరి. కొత్త ఎర్త్ వైరు 250 రూపాయలు. గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన వ్యాజలైన్ రాశాను. అప్పటి నుంచి ఒక్కసారి కూడా టిక్కుమనలేదు.

మరి బ్యాటరీ మార్చినప్పుడు నెల రోజులు ఎందుకు బాగుంది? కొత్త బ్యాటరీ కాస్త గట్టిగా తోసింది. మోటర్ మార్చినప్పుడు ఆ చుట్టుపక్కల వైర్లన్నీ కదిలి మళ్లీ బిగిశాయి. సర్వర్ రీస్టార్ట్ చేస్తే మెమరీ లీక్ పోయిందనుకోవడం లాంటిదే ఇది. పార్టు మార్చాక బాగుంటే ఆ పార్టే పోయిందని రుజువైనట్టు కాదు.

ఇక్కడ మెకానిక్‌లని తిట్టి ఊరుకోవచ్చు. కానీ అసలు తిట్టాల్సింది మనల్ని. మనం గంటల లెక్కన డీబగ్గింగ్‌కి బిల్లు వేస్తాం. రెండు రోజులు లాగ్‌లు చూసి ఒక్క లైన్ మారిస్తే మేనేజర్ చప్పట్లు కొడతాడు. అదే మెకానిక్ రెండు గంటలు వెతికి ఒక బోల్టు బిగించి వెయ్యి అడిగితే? "బోల్టు బిగించినందుకు వెయ్యా?" అంటాం. వెతికినందుకు వెయ్యి ఇవ్వం, మార్చినందుకు ఎనిమిది వేలు నోరెత్తకుండా ఇస్తాం. అతను మాత్రం ఏం చేస్తాడు? మనం దేనికి డబ్బులిస్తామో అదే చేస్తాడు.

అలాగని ప్రతి పాత కారునీ నెత్తిన పెట్టుకోమనట్లేదు. ఛాసిస్ తుప్పు తినేస్తే, బ్రేకు గొట్టాలు పుచ్చిపోతే తుక్కుకి ఇచ్చేయాల్సిందే. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ 2019లో తప్పనిసరి అయ్యాయి. నా కారులో ఆ రెండూ లేవు, ఏ ఎర్త్ వైరూ వాటిని తెచ్చి పెట్టదు. ఆ కారణంతో కారు మారిస్తే నేను కాదనను. కానీ అది కొలిచి తీసుకున్న నిర్ణయం అవ్వాలి. మన దగ్గర చట్టం కూడా 15 ఏళ్లు నిండగానే బండిని చంపెయ్యమనట్లేదు. పరీక్ష చేయించి, పాసైతే మరో 5 ఏళ్లు నడుపుకోమంటోంది. ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది, అది వేరే ఏడుపు :)

చివరగా, పాత కారున్న తోటి బాధితులకి మూడు మాటలు. ఎప్పుడు మొరాయించిందో, ఎండో వానో, ఇంజన్ వేడిగా ఉందో చల్లగా ఉందో రాసి పెట్టుకోండి. కొలవకుండా ఏ పార్టూ మార్చనివ్వకండి, అదీ ఒకసారికి ఒక్కటే. వెతికి పట్టుకున్న మెకానిక్‌కి వెతికినందుకు డబ్బులివ్వండి.

నేను ఈ మూడూ ముందే చేసుంటే నాన్న ఆ రాత్రి చెప్పులు విప్పాల్సిన పని ఉండేది కాదు. కారు పాతదవడం వల్ల ఆయన తోయలేదు. 250 రూపాయల వైరు చూడ్డానికి కొడుక్కి బద్ధకం కాబట్టి తోశారు.