రిజిస్టరులో లేని పేరు

నార్సింగి నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరాన్ని యీ వారానికి తీసుకున్నాను. పేరు ప్రకటించవద్దన్నారు, ప్రకటించను. ఆమెకు వచ్చిన చిక్కు ఆమె ఒక్కరిదే అయితే విడిగా జవాబు వ్రాసి వూరుకునేదాన్ని. కాని గుంటూరు, కృష్ణా, ఖమ్మం జిల్లాలనుంచి వుద్యోగాలకు వచ్చి, గండిపేట చెరువుకూ అవుటర్ రింగు రోడ్డుకూ మధ్య లేచిన ఆ మేడల్లో కాపురాలు పెట్టుకున్న కుటుంబాల్లో యిటువంటి చిక్కు మరికొందరికీ వుండే వుంటుంది. అందుకని నలుగురిలో మాట్లాడుకుందాం.

ఉత్తరం సారాంశం యిది. ఆమెకు ముప్ఫయ్యయిదేళ్ళు. తండ్రి వైపువారు కతోలికులు, తల్లి వైపువారు లూథరన్లు. పుట్టిన ఆరో రోజున జబ్బుచేస్తే మిషను ఆసుపత్రిలో యెవరో తలమీద నీళ్ళు పోసి ప్రార్థన చేశారని నాయనమ్మ చెప్పేది. నాయనమ్మ యిప్పుడు లేదు. తండ్రి చిన్నతనంలోనే పోయాడు. స్కూలు సర్టిఫికెట్లో మతం హిందూ అని వుంది. 2016లో ఫంక్షన్ హాల్లో, పురోహితుడి సమక్షంలో, తలంబ్రాలు పోసుకుని పెళ్ళి చేసుకుంది. భర్త హిందువు. హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరయింది. యిప్పుడు కూతురిని గుడికి తీసుకువెళుతూ వెళుతూ, తానూ దివ్యసత్ప్రసాదం స్వీకరించాలన్న కోరిక కలిగింది. గురువుగారిని అడిగితే ఆయన రెండే ప్రశ్నలు వేశారట: "అమ్మా, నీకు జ్ఞానస్నానం అయిందా? నీ పెళ్ళి యెలా జరిగింది?" మొదటిదానికి ఆమె దగ్గర జవాబు లేదు. రెండోదానికి జవాబు వుంది గాని చెప్పడానికి భయం. భర్త మంచివాడే. "నువ్వు యే గుడికయినా వెళ్ళు, నాకేం అభ్యంతరం లేదు. మన పెళ్ళి పెళ్ళే కాదని యెవరయినా అంటే మాత్రం వూరుకోను" అన్నాడట. ఆమె రాత్రిళ్ళు నిద్రపోవడం లేదంటే పోదు మరి!

ముందు ఒక మాట. నేను మతగురువును కాను, వకీలునూ కాను. తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని. అయితే యీ విషయంలో శాసనాలు గ్రంథస్థమై వున్నాయి గనుక చదివి చెప్పగలను. మన కతోలికుల పాత తెలుగులో యీ సంస్కారాలకు ఒక చక్కని పేరుంది — దేవద్రవ్యానుమానాలు. అనుమానం అంటే మనకు యిప్పుడు సందేహమే. తర్కశాస్త్రంలో మాత్రం పొగను చూసి నిప్పును తెలుసుకోవడం అనుమానం; అంటే కంటికి కనిపించే గుర్తునుబట్టి కనిపించనిదాన్ని గ్రహించడం. నీళ్ళు, తైలం, అప్పం అలాంటి గుర్తులు. ఆ గుర్తు అసలు వేశారో లేదో తెలియకపోవడమే మన సోదరి బాధ. అంటే పాత అర్థంలో అనుమానం కోసం వెళ్ళినామెకు కొత్త అర్థంలో అనుమానం యెదురైందన్నమాట.

మొదట జ్ఞానస్నానం సంగతి. దీన్ని కతోలిక శాసనం ఒక్కసారి వేసే ముద్రగా భావిస్తుంది, రెండోసారి వెయ్యకూడదు. అందుకనే "పోనీ, సందేహం యెందుకు? మరోసారి చేసేస్తే సరి" అనడానికి వీల్లేదు. ముందు గట్టిగా విచారించాలి. రిజిస్టరులో పేరు లేకపోయినా, నమ్మదగిన సాక్షి ఒక్కరు చెబితే చాలని శాసనం. జ్ఞానతల్లిగాని, ఆ నీళ్ళు పోసిన నర్సుగాని, పక్కన నిలబడ్డ పినతల్లిగాని వుంటే ఆ ఒక్క మాటతో తేలిపోతుంది. ప్రాణాపాయంలో వున్న బిడ్డకు గురువే పొయ్యనక్కరలేదు. తగిన వుద్దేశంతో యెవరు పోసినా, క్రైస్తవులు కానివారు పోసినా సరే, అది చెల్లుతుంది. కావలసింది నీళ్ళు, పిత, పుత్ర, పవిత్రాత్మల నామాన అనే మాట, సంఘం యేది చేస్తుందో అది చేద్దామనే తలంపు.

ఆ మాట యెంత ముఖ్యమో ఒక్క వుదాహరణ చెబుతాను. 2020లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక యువగురువు తన పసితనపు జ్ఞానస్నానం వీడియో చూసుకున్నాడు. ఆనాడు నీళ్ళు పోసినవారు "నేను" అనవలసినచోట "మేము" అన్నారు. అది చెల్లదని రోము అదే సంవత్సరం తేల్చింది. ఆయన మళ్ళీ మొదటినుంచి జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, చివరకు గురుపట్టం కూడా పుచ్చుకోవలసి వచ్చింది. రోమువారికి మాటమీద అంత పట్టింపు!

మన తెలుగుదేశంలో అయితే యే సంఘంవారి చేతిలో పెరిగారన్నది చూస్తేనే సగం జవాబు దొరుకుతుంది. లూథరన్లు పసిబిడ్డలకు యిస్తారు. 1842లో హయ్యరు దొర గుంటూరు వచ్చిన నాటినుంచి వారి సంప్రదాయం అది. దక్షిణ ఇండియా సంఘమూ అంతే. వీరు త్రిత్వం పేర నీళ్ళతో యిచ్చింది కతోలికులకు చెల్లుతుంది, తిరిగి యివ్వరు. బాప్టిస్టులు పసివాళ్ళకు యివ్వరు. 1878లో ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ వొడ్డున ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంఘం అది. బుద్ధి తెలిసి విశ్వసించినవారికే ముంచి యిస్తారు. అక్కడ పసిబిడ్డను దేవుడికి సమర్పించే ప్రార్థన వేరు, బాప్తిస్మం వేరు. రక్షణ సైన్యంవారికి బాప్తిస్మమనే ఆచారమే లేదు. కొన్ని పెంతెకొస్తు సంఘాల్లో యేసు నామాన మాత్రమే యిస్తారు. దాన్ని కతోలికులు అంగీకరించరు. కనుక "మా వాళ్ళు క్రైస్తవులే, నీళ్ళు పోసే వుంటారు" అని వూహించుకోవడం కుదరదు.

మరి స్కూలు సర్టిఫికెట్లో హిందూ అని వుందే అంటారా? దానితో కంగారు పడనక్కరలేదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ఆ జాబితాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని క్రైస్తవులను చేర్చలేదు. అందువల్ల కాగితంమీద ఒక మతం, ఆదివారంనాడు ఒక మతం, స్కూల్లో ఒక పేరు, గుడిలో ఒక పేరుగా బ్రతికిన కుటుంబాలున్నాయి. వారిని తప్పుపట్టడానికి యీ మాట అనడం లేదు. పిల్లల చదువుకోసం తండ్రులు యేం చేశారో ఆ తండ్రులకే తెలుసు. చెప్పవచ్చేదేమిటంటే, స్కూలు కాగితం జ్ఞానస్నానానికి సాక్ష్యమూ కాదు, విరుద్ధమూ కాదు.

సోదరీ, వెతకవలసిన చోట్లు చెబుతాను. మీ నాన్నగారి వూరి విచారణ రిజిస్టరు చూడమనండి. మీ పేరుతో కాక, తండ్రిపేరు, పుట్టిన నెల పట్టుకుని వెతకాలి. అక్కడ మీరు ఒక మరియమ్మో, తెరేజమ్మో అయివుండవచ్చు. ఆ వూరు మీ చిన్నప్పుడు మరో విచారణకింద వుండి వుంటే పాతపుస్తకాలు అక్కడే వుండిపోయి వుండవచ్చు. అమ్మగారి వూరి లూథరన్ పాస్టరుగారి పుస్తకమూ చూడాలి. పాత ఉపదేశి బ్రతికి వున్నాడేమో, మేనత్తలకు యేమయినా గుర్తుందేమో అడగండి. యింత చేసినా తేలకపోతే శాసనం దారి చూపింది. "ఇదివరకు జరిగి వుండకపోతే" అన్న షరతుతో జ్ఞానస్నానం యిస్తారు. అంతకుముందు జరిగి వుంటే యిది యేమీ చెయ్యదు; జరగకపోయి వుంటే యిదే అసలయినది. దీన్ని ఆర్భాటం లేకుండా యిస్తారు. యెంత మర్యాదగల యేర్పాటో చూడండి! నాయనమ్మ మాట అబద్ధమని యెవరూ అనలేదు, దానిమీదే భారమూ వెయ్యలేదు.

యిక పెళ్ళి. యిక్కడ ఒక విచిత్రం వుంది, జాగ్రత్తగా వినండి.

మీకు అసలు జ్ఞానస్నానమే కాలేదనుకోండి. అప్పుడు 2016లో పెళ్ళాడినవారు యిద్దరూ జ్ఞానస్నానం లేనివారే. ఆ పెళ్ళిని కతోలిక సంఘం నిజమైన పెళ్ళిగానే గౌరవిస్తుంది. తరవాత మీరు జ్ఞానస్నానం పుచ్చుకున్నా ఆ బంధం అలాగే నిలుస్తుంది, మళ్ళీ పెళ్ళి అక్కరలేదు. మీకు లూథరన్ గుడిలో అయివుంటే, పెళ్ళినాటికి మీరు కతోలికులు కారు గనుక కతోలిక వివాహవిధి మిమ్మల్ని కట్టదు. అప్పుడూ పెళ్ళి నిలుస్తుందనే లెక్క. విశ్వాస ప్రకటన చేసి, పాపసంకీర్తనం చేసి, అభ్యంగనమూ సత్ప్రసాదమూ స్వీకరించవచ్చు. కతోలికురాలిగానే జ్ఞానస్నానం జరిగి వుంటే మాత్రం చిక్కు. కతోలికులు గురువు యెదుట, యిద్దరు సాక్షుల యెదుట వివాహమాడాలి. జ్ఞానస్నానం లేనివారిని చేసుకోవాలంటే పీఠాధిపతి అనుమతి కావాలి. ఆ రెండూ జరగలేదు. అంటే కతోలికురాలవునా అని వెతికి వెతికి "అవును" అని తేలితేనే పెళ్ళికి మరమ్మతు కావలసి వస్తుంది. "కాదు" అని తేలితే అక్కరలేదు!

తేలకపోతే? సందేహం వచ్చినప్పుడు పెళ్ళి పక్షానే నిలబడాలని ఆ శాసనం మూలసూత్రం. 1983లో వెలువడిన ధర్మశాస్త్ర సంపుటి యిదే విషయాన్ని ప్రత్యేకంగా కూడా చెప్పింది. పెళ్ళినాటికి ఒకరి జ్ఞానస్నానం సందేహాస్పదమయితే, ఒకరికి అయిందనీ మరొకరికి కాలేదనీ నిశ్చయంగా రుజువయ్యేదాకా, ఆ భేదం కారణంగా పెళ్ళి చెల్లదని అనకూడదు. మీ విషయంలో చివరి మాట పీఠ కార్యాలయానిది. కాగితాలు గురువుగారే పంపుతారు.

మరమ్మతు కావలసివచ్చినా బెంగపడకండి. రెండు మార్గాలున్నాయి. ఒకటి, అనుమతి తెచ్చుకుని గురువు యెదుట సమ్మతిని మళ్ళీ చెప్పుకోవడం. రెండోది, సమ్మతి మళ్ళీ చెప్పకుండానే పీఠాధిపతి ఆ పాత సమ్మతినే మూలంనుంచి సరిచెయ్యడం. దాని ఫలితం పెళ్ళినాటికి వెనక్కు వర్తిస్తుంది. మీవారి అభిమానం దెబ్బతినకుండా వుండాలంటే యీ రెండోమార్గం గురించి గురువుగారిని తప్పక అడగండి. భర్త మతం మారనక్కరలేదు. విశ్వాసం నిలుపుకుంటాననీ, పిల్లలను ఆ విశ్వాసంలో పెంచడానికి చేతనయినంత చేస్తాననీ మీరు మాట యివ్వాలి. ఆ సంగతి ఆయనకు తెలియజేస్తారు, అంతే. అయితే ఆ మాట యిచ్చేముందే ఆయనతో కూర్చుని కూతురి సంగతి మాట్లాడుకోవడం ధర్మం. చాటున యిచ్చిన మాట కాపురానికి మంచిది కాదు.

గుడితో అయిపోలేదు, కచేరీ కూడా వుంది. మన ఆంధ్రదేశంనుంచే వెళ్ళిన ఒక వ్యాజ్యంలో 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వరుడు రోమన్ కతోలికుడు, వధువు హిందువు. 1996లో దేవాలయంలో తాళికట్టి, హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు చేయించుకున్నారు. తరవాత భార్య కోర్టుకెక్కింది. ఆ చట్టం యిద్దరూ హిందువులయినప్పుడే వర్తిస్తుందనీ, ఆ పెళ్ళి చెల్లదనీ కోర్టు తేల్చింది. రిజిస్ట్రేషను కాగితం దాన్ని రక్షించలేకపోయింది. పెళ్ళినాడు మీరు యే మతస్థులన్నది మీ విషయంలో స్పష్టంగా లేదు గనుక, నిశ్చింత కావాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం వుంది. అప్పటికే యేదో ఒక పద్ధతిలో పెళ్ళాడి కాపురం చేస్తున్న దంపతులు దానికింద రిజిస్టరు చేయించుకోవచ్చు. ముప్ఫయి రోజుల నోటీసు వుంటుంది. ఆ పెళ్ళినాటినుంచి పుట్టిన పిల్లల హక్కుకు లోటు రాదని చట్టమే చెప్పింది. మంచి వకీలును ఒకసారి కలవండి. ఆస్తి వారసత్వం విషయంలో కొన్ని మార్పులు రావచ్చు, అవీ అడిగి తెలుసుకోండి.

మీవారి మాట మిగిలింది. "మన పెళ్ళి పెళ్ళే కాదంటే వూరుకోను" అన్నారాయన. అనవలసిన మాటే. భార్యమీద గౌరవం లేనివాడు ఆ మాట అనడు. ఆయనకు మీరు చెప్పవలసిందేమిటంటే, గుడి తన పుస్తకంలో యేం వ్రాసుకోవాలో వెతుక్కుంటున్నది గాని, మీ యిన్నేళ్ళ కాపురాన్ని అబద్ధమనడం లేదని. వీలయితే గురువుగారి దగ్గరకు యిద్దరూ కలిసి వెళ్ళండి. పెళ్ళిని గురించిన మాటలు ఒకరే విని వచ్చి రెండోవారికి చెబితే సగం కోపం చెప్పడంలోనే పుడుతుంది.

తక్కిన పాఠకులకు ఒక మనవి. యే మతంవారయినా సరే, యింట్లో బిడ్డకు జరిగిన సంస్కారం తేదీ, వూరు, జరిపించినవారి పేరు, పక్కన వున్న యిద్దరి పేర్లు ఒక పుస్తకంలో వ్రాసి పెట్టండి. పెద్దవాళ్ళు బ్రతికి వుండగానే అడిగి వ్రాసుకోండి. ఆ నాయనమ్మకు అంతా తెలుసు. అడిగి వ్రాసుకున్నవారే లేకపోయారు.