పెద్దక్షరాలు లేని పేర్లు

మాదాపూరులోని సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో నాటి ప్రధాని వాజపేయి గారు ప్రారంభించిన నాటి నుండి నగరపు పడమటి అంచు గచ్చిబౌలి దాకా కార్యాలయాల బారుగా మారిపోయింది. మన విద్యార్థులలో అనేకులు ఆ దారినే పట్టాలని ఆశిస్తున్నారు. ఆశించవలసినదే. అయితే అటువంటి చోట్ల ప్రోగ్రాములు వ్రాయబోయేవారు మన లిపులను ఏ కొలబద్దతో కొలవబోతున్నారన్న ప్రశ్న మమ్మల్ని కలవరపెడుతున్నది.

ఇంగ్లీషు అక్షరానికి పెద్దది, చిన్నది అని రెండు రూపాలు. పూర్వం అచ్చు కూర్చేవారు పెద్దక్షరాల టైపును పై పెట్టెలోను, చిన్నవాటిని క్రింది పెట్టెలోను ఉంచేవారు గనుక వాటికి అప్పర్ కేస్, లోయర్ కేస్ అన్న పేర్లు నిలిచాయి. పైథాన్ భాషలో మాట అంతా పెద్దక్షరాలేనా అని చూడడానికి ఇజ్‌అప్పర్, అంతా చిన్నవేనా అని చూడడానికి ఇజ్‌లోయర్, ప్రతి పదమూ పెద్దక్షరంతో మొదలై తక్కినవి చిన్నవిగా ఉన్నాయా అని చూడడానికి ఇజ్‌టైటిల్ అన్న పద్ధతులు సిద్ధంగా ఉన్నాయి.

తెలుగుకు గాని ఉర్దూకు గాని ఈ భేదం లేదు. 'కమల' అని తెలుగులో వ్రాసి అడిగితే ఆ మూడూ 'కాదు' అనే అంటాయి. అది పొరపాటు కాదు. ఆ భేదం గల అక్షరం ఒక్కటైనా ఉంటేనే అవి ఔనంటాయి. జావాస్క్రిప్టులో ఇటువంటి పద్ధతి లేదు గనుక మాటను పెద్దక్షరాలలోనికి మార్చి, మార్చక ముందున్న దానితో పోల్చి చూడడం వాడుక. 'కమల' మారదు గదా! అంతా పెద్దక్షరాలే అన్న తీర్పు వస్తుంది. చిన్నక్షరాలకు మార్చి పోల్చినా మళ్ళీ ఔననే. ఒకే పేరు ఒకచోట రెండూ కాదు, మరొకచోట రెండూ ఔను.

పేరు పెద్దక్షరంతో మొదలు కావలెనని నియమం పెట్టి, ఈ పద్ధతులను ద్వారపాలకులుగా నిలబెట్టినప్పుడే చిక్కు. ఇంగ్లీషు లిపిలో వ్రాసినా మన పేర్లకు తిప్పలు తప్పవు. చుక్కలు పెట్టి కె.వి. రావు అంటే ఇజ్‌టైటిల్ అంగీకరిస్తుంది. చుక్కలు తీసి కె, వి లను కలిపితే ఒప్పుకోదు. 'ఉర్ రహ్మాన్' అని ముగిసే పేరులో 'ఉర్' చిన్నక్షరాలలో ఉంటే చాలు, తిరస్కారమే.

అంతకన్న విచిత్రమైనది ఇజ్‌ఆల్ఫా. అన్నీ అక్షరాలేనా అని చూసే పద్ధతి అది. 'కమల'కు ఔనంటుంది, 'రాము'కు కాదంటుంది! మన దీర్ఘాన్ని, కొమ్మును యూనికోడ్ అక్షరాలుగా గాక గుర్తులుగా వర్గీకరించింది. పైథాన్ ఆ గుర్తులను లెక్కలోనికి తీసుకోదు. సలీమ్ పేరును జేరు, జబరు లేకుండా ఉర్దూలో వ్రాస్తే నాలుగక్షరాలూ నిరాటంకంగా సాగిపోతాయి. అదే పేరు తెలుగులో వ్రాస్తే గుడిదీర్ఘం దగ్గర, పొల్లు దగ్గర ఆగిపోతుంది. రెండు లిపులూ చదివే మన కళాశాలలో ఈ చోద్యం తెలిసిన వారెందరు?

దరఖాస్తులు ఎలాగూ ఇంగ్లీషులోనే నింపుతాము, ఈ పట్టింపు దేనికని కొందరనవచ్చును. ఈ వాదనను మేము అంగీకరించము. తెలుగు ఈ రాష్ట్రానికి అధికార భాష, ఉర్దూ 2017 నుండి రాష్ట్రమంతటా రెండవ అధికార భాష. తన పేరును తన లిపిలో వ్రాసుకున్న పౌరునికి 'సరియైన పేరు వ్రాయుము' అని యంత్రం చెప్పడం అవమానమే. తెలుగు లిపి యూనికోడ్‌లో 1991 నుండి ఉన్నది. లోపం లిపిది కాదు, పద్ధతిదీ కాదు. అది ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో తెలుసుకోకుండా వాడినవారిది.

మార్గం కష్టమైనదేమీ కాదు. పెద్దక్షరాలకు మార్చినా చిన్నక్షరాలకు మార్చినా మాట ఒకటే అయితే దానికి ఆ భేదం లేదన్నమాట. ఇక దానిని ఆ ప్రశ్న అడుగరాదు. పేర్లను పరీక్షించేటప్పుడు అక్షరాలతో బాటు గుర్తులనూ అనుమతించాలి. రాజ్‌కుమార్ వంటి పేరు నడుమ కంటికి కనబడని విడదీత గుర్తు కూడ ఉండవచ్చును, దానినీ మరువరాదు.

కళాశాల కమిటీ వారికి మా విన్నపం ఒక్కటే. కంప్యూటర్ ప్రయోగశాలలో ఇంగ్లీషు మాటలతో చేసే ప్రతి అభ్యాసాన్ని ఒక తెలుగు పేరుతోను, ఒక ఉర్దూ పేరుతోను మరల చేయించి రికార్డు పుస్తకంలో వ్రాయించండి. ఇందుకు కొత్త ఖర్చేమీ లేదు. ఈ రెండు లిపుల కీబోర్డులు విండోస్‌లోను, లినక్స్‌లోను ముందే ఉన్నాయి.