అరచేతి పాలిష్

క్రికెట్ ఆడే పిల్లలున్న ఇళ్లకు అవిసె గింజల నూనె వాసన కొత్తేం కాదు. కొత్త బ్యాటు రాగానే లిన్సీడ్ ఆయిల్ పట్టించి ఆరబెడతారు కదా, అదే. పోయిన వేసవిలో నెలన్నర పాటు మా ఇల్లంతా ఆ వాసనే. అలాగని మా ఇంట్లో క్రికెట్ ఆడేవాళ్లెవరూ లేరు. ఆ నూనె తాగింది తాతయ్య తుపాకీ మడమ!

గోదావరి ఏజెన్సీ అంచున మాకు కాస్త మెట్ట పొలం ఉండేది. చేలో పడే అడవి పందుల్ని చప్పుడుతో బెదరగొట్టడానికి తాతయ్య లైసెన్సు తీసుకున్నాడు. బర్మింగ్‌హామ్‌లో తయారైన రెండు గొట్టాల తుపాకీ అది. ఆయన తర్వాత నాన్నకి వచ్చింది. ఇప్పుడు నాన్నకి 76. చేతులు వణుకుతున్నాయి.

"నీ పేరున రాయించుకుంటావా అమ్మాయ్?" అనడిగాడు. లైసెన్సుదారుకి 70 ఏళ్లు నిండితే వారసులు దరఖాస్తు చేసుకోవచ్చని 2016 నాటి ఆయుధాల నిబంధనల్లో ఉంది. "నాకెందుకు నాన్నా తుపాకీ!" అనేశాను. అన్నయ్యా వద్దన్నాడు. లైసెన్సున్న డీలరుకే ఇచ్చేద్దామనుకున్నాం. నాన్న ఒక్కటే షరతు పెట్టాడు. "ఇలా మాత్రం ఇవ్వను. పిల్లని మాసిన చీరతో అత్తారింటికి పంపుతామా?"

నిజమే, దాని వాలకం అలాగే ఉంది. ఎన్నికలొచ్చినప్పుడల్లా అప్పగించి, మళ్లీ తెచ్చుకునే రాకపోకల్లో ఒళ్లంతా గీతలు. ఎప్పుడో పూసిన వార్నిష్ పొలుసులుగా లేస్తోంది. డీలరు కట్టెను విడదీసి ఇచ్చి, ఇనుప భాగాలు తన దగ్గరే భద్రంగా పెట్టుకున్నాడు. కట్టె మాత్రం ఇంటికి తెచ్చుకున్నాం.

అది అక్రోటు చెక్క. అదేనండీ, వాల్‌నట్. మంచి తుపాకులకి ఈ చెక్కనే ఎందుకు వాడతారో తెలుసా? బలంగా ఉంటుంది, కానీ మరీ బరువుండదు. తుపాకీ పేలినప్పుడు వెనక్కి తన్నే తాపును పగలకుండా తట్టుకుంటుంది. బాగా ఆరిన చెక్కయితే ఎండకీ చెమ్మకీ అంతగా వంగదు. పట్టు జారకుండా సన్నటి గళ్లు చెక్కినా పెచ్చులూడదు. మన కశ్మీరులో చెక్కడం పనికి పేరుపడ్డదీ ఈ చెక్కే.

పని మొదలుపెట్టాం. పని అంటే నాది, పెత్తనం నాన్నది! చేతులకి తొడుగులు వేసుకుని, పెరట్లో గాలి తగిలేచోట రిమూవర్ పూసి పాత వార్నిష్ తీశాం. గళ్ల దగ్గర సాండ్‌పేపర్ తగలకూడదు, అరిగిపోతాయి. పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేశాం. ఇక సొట్టలు. తడిగుడ్డ వేసి వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి అణిగిన నార ఉబ్బి పైకి లేస్తుంది. తెగిన నార మాత్రం లేవదు. గీతలన్నీ పోవని అక్కడే తెలిసింది.

తర్వాత 220, 320, 400 నంబర్ల సాండ్‌పేపర్, ఎప్పుడూ నార వెంబడే. ఇనుము కూర్చునే అంచుల్లో ఎక్కువ అరగదీస్తే మళ్లీ అతకవు. చివర్లో చెక్కను తడిపి ఆరబెడితే సన్నటి నూగు లేస్తుంది. దాన్ని తీసేసి మళ్లీ తడపాలి. నూగు లేవడం మానేదాకా ఇదే వరస.

మడమ కింద ఓ సొట్ట దగ్గర ఇస్త్రీపెట్టె పెట్టబోతుంటే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "అది ఉండనీ." ఓ రాత్రి గట్టు మీద నుంచి తాతయ్య జారిపడ్డప్పుడు పడిందట. వెనకాలే లాంతరు పట్టుకుని నాన్న ఉన్నాడట, పదేళ్లవాడు. తాతయ్య గురించి ఆయన ఇంతసేపు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ సొట్ట అలాగే ఉంచాం.

ఇక నూనె. పూర్వం లండన్ తుపాకీ పనివాళ్లు అవిసె నూనెలో ఆల్కనెట్ వేరు నానబెట్టి ఎర్రనూనె చేసుకునేవారు. ఆ జాతికి దగ్గరి వేరే మన రతన్‌జోత్, రోగన్‌జోష్‌కి ఎరుపునిచ్చేది. పచారీ కొట్లో దొరికింది. మొదటి రెండు పూతలు దాంతోనే. తర్వాత రోజుకి రెండు చుక్కలే, వేలితో అద్ది అరచేత్తో వెచ్చబడేదాకా రుద్దడం. మిగిలింది తుడిచేయాలి. తొందరపడి మందంగా పూశానో రోజు. మర్నాటికి బంకలా అయింది. తుడిచి మళ్లీ మొదలు! ఈ నూనె నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడుతుంది. అందుకే పల్చగా పూయాలి, ఓపిక పట్టాలి.

ఇక్కడే ఓ హెచ్చరిక. ఇలా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకోవచ్చు. నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి మూతపెట్టండి. మేం అలాగే చేశాం.

నెలన్నరకి చెక్కలోని చారలు పైకి తేలాయి. అద్దంలాంటి మెరుపు కాదు, నూనె రాసిన ఒంటి నిగారింపు. నాన్న వణికే వేళ్లతో దాన్ని తడుముతూ కూర్చునేవాడు. డీలరు చూసి "ఏ మేస్త్రీ చేశాడండీ?" అన్నాడు. నాన్న నా చెయ్యి పట్టుకుని చూపించాడు. గోళ్ల సందుల్లో ఎరుపింకా పోలేదు.

కాగితాల మీద సంతకాలు చేసి వచ్చేశాం. దారిలో ఇద్దరం మాట్లాడుకోలేదు.

మీ ఇంట్లో తుపాకీ ఉండకపోవచ్చు. తాతగారి పడక కుర్చీయో, అమ్మమ్మ పెట్టెయో ఉంటుంది. టేకులో సహజంగానే నూనె ఉంటుంది కాబట్టి అంత పట్టదు, ఆరడమూ ఆలస్యమే. అయినా పద్ధతి ఇదే. మా ఇంట్లో సీసాలో సగం నూనె మిగిలింది. మొన్న ఆదివారం నాన్న పాత చేతికర్ర తెచ్చి నా ముందు పెట్టాడు.