పాత జీపీఎస్ డబ్బాకి కొత్త సముద్రాన్ని ఎవరు చూపించాలి?

(సైబరాబాద్ నీడలో - 9వ భాగం)



ఈ సిరీస్‌లో ఇప్పటిదాకా మాదాపూర్, గచ్చిబౌలి రోడ్ల మీద కనిపించే మనుషుల గురించి రాస్తూ వచ్చాను. క్యాబ్ నడిపేవాళ్లు, రాత్రి షిఫ్టులో అద్దాలు తుడిచేవాళ్లు, హాస్టల్ మెస్సుల్లో వండేవాళ్లు. ఈసారి ఈ రోడ్ల మీద ఎప్పుడూ కనిపించని వాళ్ల గురించి రాస్తున్నాను. సముద్రం మీద వేటకెళ్లే వాళ్ల గురించి. బోటులో సరంగు ముందు బిగించి ఉండే చిన్న జీపీఎస్ డబ్బా గురించి. అందులోని సముద్రం మ్యాపు పాతబడిపోతే కొత్తది ఎక్కించుకోవడం ఎందుకంత గోస అవుతుందన్నదే ఇవాళ్టి విషయం.

"హైదరాబాద్‌కి సముద్రంతో ఏం పనన్నా?" అని మీరు అడుగుతారని తెలుసు. చాలా పని ఉంది.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. కొద్ది నెలలకే, 1999లో, ఇదే నగరంలో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ పుట్టింది. సముద్ర సమాచారం అందించడమే దాని పని. ఇవాళ అది ప్రగతినగర్‌లో ఉంది. దేశం మొత్తానికి సునామీ హెచ్చరిక 2007 నుంచి అక్కడి నుంచే వెళ్తుంది. ఏ వైపు వెళ్తే చేపలు దొరికే అవకాశం ఉందో చెప్పే సూచనలు కూడా అక్కడే తయారవుతాయి. ప్రైవేటు వైపు చూస్తే, 1991లో మొదలైన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, అంటే ఇవాళ్టి సైయెంట్, కాగితం మ్యాపుల్ని డిజిటల్ చేసే పనితోనే ఎదిగింది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఐఐసీ టెక్నాలజీస్ అయితే వేరే దేశాల ప్రభుత్వాలకు సముద్రపు ఎలక్ట్రానిక్ చార్టులు తయారుచేసి పెడుతుంది.

అంటే, తీరానికి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఏసీ గదుల్లో కూర్చుని మన పిల్లలు సముద్రం లోతులు సరిచేస్తున్నారు. లైట్‌హౌస్‌లకి గుర్తులు పెడుతున్నారు, మునిగిపోయిన ఓడల్ని మ్యాపు మీదికి ఎక్కిస్తున్నారు. ఇది చదివే వాళ్లలో కొందరు ఆ పని చేస్తూ ఉండొచ్చు. మరి అదే సమాచారం విశాఖ ఫిషింగ్ హార్బర్‌లోనో, కాకినాడలోనో, నిజాంపట్నంలోనో ఉన్న పాత డబ్బాదాకా ఎందుకు చేరదు?

ముందు, మ్యాపు ఎందుకు పాతబడుతుందో చూద్దాం. సముద్రం మారదు కదా అనుకుంటాం. మారుతుంది. ఉప్పాడలో తీరం ఇళ్లతో సహా కోసుకుపోవడం ఏళ్ల తరబడి చూస్తున్నాం. గోదావరి మొగల దగ్గర ఇసుక మేటలు జరుగుతూనే ఉంటాయి. మనుషులూ మారుస్తారు. 2009లో ప్రారంభమైన గంగవరం పోర్టు అంతకు ముందటి కార్డులో ఉండదు. రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట పోర్టుల గోడలు పాత కార్డులకి తెలియవు. కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు, గ్యాస్ ప్లాట్‌ఫారాలు వచ్చాయి. అలాంటి వాటి చుట్టూ 500 మీటర్ల వరకు భద్రతా వలయం పెట్టే అధికారం చట్టం ఇచ్చింది. లోపలికి బోటు పోకూడదు. కానీ ఆ వలయం సరంగు ముందున్న తెర మీద లేకపోతే? అతనికి అక్కడ నీళ్లే కనిపిస్తాయి.

ఇంకో లెక్క చెప్తాను. ఆంధ్రప్రదేశ్ తీరం 974 కిలోమీటర్లని మనం బడిలో చదువుకున్నాం. ఈ మధ్య కేంద్రం ఆ అంకెను 1,053కి మార్చింది. సముద్రం ఏమీ సాగలేదు. 1970లలో దేశ తీరాన్ని చిన్న స్కేలు చార్టు మీద కొలిచారు. ఇప్పుడు వివరం ఎక్కువున్న ఎలక్ట్రానిక్ నావిగేషన్ చార్టుల మీద కొలిచారు. వంకరలన్నీ లెక్కలోకి వచ్చాయి. ప్రభుత్వం తన లెక్కల్ని కొత్త చార్టుతో సరిచేసుకుంది. బాగుంది. బోటు మీద ఉన్నవాడి సంగతేంటి?

ఇక అప్‌డేట్ గోస చూడండి. పదిహేను, ఇరవై ఏళ్ల నాటి డబ్బాల్లో మ్యాపు ఒక మెమరీ కార్డులో ఉంటుంది. కొన్నింటికి ఆ కంపెనీ ప్రత్యేకంగా చేసిన కార్ట్రిడ్జే పెట్టాలి. కొన్నింటికి ఇప్పుడు షాపుల్లో దొరకడమే కష్టమైన పాత రకం ఫ్లాష్ కార్డు కావాలి. మామూలు ఎస్‌డీ కార్డు తీసుకునే పాత డబ్బాలు కూడా చాలావరకు 2 జీబీ దాటిన కార్డును చదవలేవు. షాపుకెళ్తే 32, 64 తప్ప చిన్నవి లేవంటాడు. సరే, కార్డు దొరికిందనుకుందాం. కొత్త మ్యాపు దింపడానికి కంప్యూటర్ కావాలి, ఇంటర్నెట్ కావాలి, ఈమెయిల్ ఐడీ కావాలి, ఇంగ్లీషు చదవడం రావాలి, విదేశీ కంపెనీకి డబ్బు కట్టే బ్యాంకు కార్డు కావాలి. ఇన్నీ సమకూర్చుకుని కూర్చుంటే తెర మీద ఒక్క ముక్క వస్తుంది: ఈ మోడల్‌కి సపోర్టు లేదు.

దీనికన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. సాఫ్ట్‌వేర్ మార్చే క్రమంలో డబ్బా రీసెట్ అయితే అందులో దాచుకున్న పాయింట్లు పోతాయి. పాయింట్లంటే ఏంటో తెలుసా? ఎక్కడ చేప గుంపు కడుతుందో, ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ వల చిక్కుకుని చిరిగిందో, ఏళ్ల తరబడి వేటలో నష్టపోయి నేర్చుకుని గుర్తు పెట్టుకున్న చోట్లు. రైతుకి పొలం పాస్‌బుక్ ఎంతో, వేటగాడికి ఆ పాయింట్ల లిస్టు అంత. పాత డబ్బాలోంచి కొత్త డబ్బాలోకి వాటిని తీయాలంటే సరైన కేబుల్ ఉండాలి, రెండింటి ఫార్మాటూ కలవాలి. కలవకపోతే ఒక్కో పాయింటూ కాగితం మీద రాసుకుని మళ్లీ కొట్టుకోవాలి. అందుకే చాలామంది "ఉన్నదాంతోనే నడిపిద్దాం" అనుకుంటారు. దాన్ని చూసి పైనుంచి మనం ఒక మాట అనేస్తాం: "వీళ్లకి టెక్నాలజీ మీద అవగాహన లేదు."

ఈ మాట మనకి కొత్త కాదు. బడి మానేసిన పిల్లకి "చదువు మీద ఆసక్తి లేదు" అన్నవాళ్లే, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు తడబడితే "కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు" అన్నవాళ్లే ఈ మాటా అంటారు. తలుపు మూసింది వాళ్లు, లోపలికి రాలేదని నింద మన మీద.

బోటు మీద ఉన్నది ఎవరో కూడా మాట్లాడుకుందాం. జాలరి, వాడబలిజ, పల్లి, పట్టపు, అగ్నికుల క్షత్రియ. ప్రభుత్వ జాబితాలో బీసీ-ఏ. దళితులం కాదు, కానీ వాళ్ల అనుభవం మనకి బాగా తెలిసిన అనుభవమే. పాత పుస్తకం మనది, కొత్త పుస్తకం వాళ్లది. విడిచిన బట్ట మనది. సెకండ్ హ్యాండ్ వస్తువుతో పాటు సెకండ్ హ్యాండ్ సమాచారం కూడా కిందికి దిగుతుంది. అంబేద్కర్ చెప్పిన మెట్ల మెట్ల అసమానత ఊరి బావి దగ్గరే ఆగిపోలేదు. సాఫ్ట్‌వేర్ వెర్షన్లలోకి కూడా వచ్చింది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. పెద్ద ఓడలకి చార్టు తాజాగా ఉంచుకోవడం అంతర్జాతీయ చట్టం. సోలాస్ ఒప్పందం ప్రకారం 2012 నుంచి 2018 మధ్య విడతల వారీగా పెద్ద ఓడలకి ఎలక్ట్రానిక్ చార్టు వ్యవస్థ తప్పనిసరి చేశారు. 2017 సెప్టెంబరు నుంచి చార్టు చూపించే ప్రమాణం మారితే, ఓడల యజమానులు సాఫ్ట్‌వేర్ మార్చుకోక తప్పలేదు. వాళ్లూ విసుక్కున్నారు, ఖర్చయిందని గోల పెట్టారు. కానీ చేసుకున్నారు. ఎందుకంటే చేసుకోకపోతే పోర్టులో ఓడని ఆపేస్తారు. అడిగే చట్టం ఉంది, ఖర్చు పెట్టే కంపెనీ ఉంది, చేసిపెట్టే ఇంజినీరు ఉన్నాడు. చిన్న బోటుకి ఈ మూడూ లేవు. ఓడకి అప్‌డేట్ హక్కూ బాధ్యతా అయితే, బోటుకి అది అదృష్టం.

2019 ఏప్రిల్ 6 రాత్రి జరిగింది గుర్తుందా? చాలామందికి తెలియనే తెలియదు. జీపీఎస్ వారాల్ని లెక్కపెడుతుంది. 1,024 వారాలు నిండగానే లెక్క మళ్లీ సున్నాకి వస్తుంది. 1999 ఆగస్టులో ఒకసారి వచ్చింది, ఆ రాత్రి రెండోసారి వచ్చింది. దీన్ని ముందే ఆలోచించి చేసిన డబ్బాలకి ఏమీ కాలేదు. సాఫ్ట్‌వేర్ మార్చని కొన్ని పాత డబ్బాలు దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లి తేదీ చూపించాయి. తేదీ తప్పితే పోటు, పాటు లెక్క తప్పుతుంది. మూడోసారి 2038లో వస్తుంది. ఈసారి ఎవరి డబ్బాలు వెనక్కి పోతాయో ఊహించడం కష్టమా?

కంపెనీల వాదన కూడా వినాలి. "పాత చిప్పులో కొత్త మ్యాపు పట్టదు. ఎన్నేళ్లని మోస్తాం?" అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. కొత్త చార్టులు బరువైనవి. అంతర్జాతీయ ప్రమాణం కూడా ఎస్-57 నుంచి ఎస్-101కి మారుతోంది. 2029 నుంచి ఓడల్లో కొత్తగా బిగించే వ్యవస్థలన్నీ కొత్త ప్రమాణాన్నే పాటించాలి. రంగుల లోతులు, త్రీడీ బొమ్మలు పాత డబ్బాలో రాకపోతే మనం ఏడవం. కానీ మనం అడిగేది అది కాదు. ఈ చోట కొత్త ప్లాట్‌ఫారం వచ్చింది, ఈ చోట ఓడ మునిగింది, ఈ దీపం ఆరిపోయింది. ఇవి నాలుగు అంకెలు, రెండు వాక్యాలు. డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం నావికులకి విడుదల చేసే నోటీసుల్లో ఇవన్నీ ఉంటాయి. దానికి గిగాబైట్లు అక్కర్లేదు. ప్రాణం కాపాడే సమాచారం చిన్నది. దాన్ని పెద్ద ప్యాకేజీలో కట్టి అమ్మడం వ్యాపారం.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. 2017 చివర్లో ఓఖీ తుపాను కేరళ, తమిళనాడు మత్స్యకారుల్ని మింగింది. ఫోన్ సిగ్నల్ అందనంత దూరంలో ఉన్నవాళ్లకి హెచ్చరిక చేరలేదు. ఆ గుణపాఠంతో 2019 అక్టోబరులో జెమిని అనే పరికరం వచ్చింది. ఉపగ్రహం నుంచి ఇన్‌కాయిస్ సందేశం అందుకుని, బ్లూటూత్‌తో ఫోన్‌కి ఇస్తుంది, యాప్‌లో మన భాషలో కనిపిస్తుంది. మంచి ఆలోచన. కానీ అది వినడానికే, చెప్పడానికి కాదు. మునిగిపోతున్నామని అటునుంచి చెప్పుకోలేరు. తర్వాత 2024 ఆగస్టు 30న లక్ష బోట్లకి రెండు వైపులా సందేశాలు పంపే ట్రాన్స్‌పాండర్ల పథకం ప్రారంభించారు. 364 కోట్ల రూపాయలు. ఉచితం. సంతోషం.

మన ప్రశ్న ఆ తర్వాతది. ఐదేళ్లయ్యాక వీటి సాఫ్ట్‌వేర్ ఎవరు మారుస్తారు? ఫోన్ మారితే, ఆండ్రాయిడ్ మారితే, యాప్ పనిచేస్తుందని ఎవరు రాసిస్తారు? పంచిన రోజు ఫొటో ఉంటుంది. పాడైన రోజు ఎవరుంటారు?

నీళ్ల మీద గీత ఎంత ఖరీదో ఉత్తరాంధ్రకి తెలుసు. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి కూలికి వేటకెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు పాకిస్తాన్‌కి చిక్కారు. కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉన్నారు. 2020 జనవరి 6న ఇరవై మంది వాఘా దాటి వచ్చారు. 2025లో 'తండేల్' సినిమా వచ్చింది, చూశాం, చప్పట్లు కొట్టాం. సర్ క్రీక్ దగ్గర ఆ గీత ఎక్కడుందో రెండు దేశాలకే ఒప్పందం లేదు. ప్రభుత్వాలు గీసుకోలేని గీతని కూలివాడు దాటితే జైలు. అలాంటి చోట సరైన చార్టు, పనిచేసే హెచ్చరిక విలాసం కాదు. ఇంటికి తిరిగొచ్చే దారి.

కాబట్టి అడగాల్సినవి నాలుగు.

ఒకటి: ప్రజల డబ్బుతో పంచే ప్రతి పరికరం మీద, ఎన్నేళ్లు అప్‌డేట్ ఇస్తారో తెలుగులో అచ్చు వేయాలి. టెండర్‌లోనే ఆ షరతు ఉండాలి.

రెండు: తీర ప్రాంత ప్రమాద సమాచారం పాత డబ్బాలు కూడా చదవగలిగే సాదా పాయింట్ల ఫైలుగా ఉచితంగా దొరకాలి.

మూడు: ప్రతి ఫిషింగ్ హార్బర్‌లో మత్స్యకార సహకార సంఘం చేతిలో ఒక అప్‌డేట్ కేంద్రం ఉండాలి. ఒక కంప్యూటర్, పాత రకం కార్డు రీడర్లు, కేబుళ్లు, ఒక జీతమిచ్చే ఉద్యోగం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో బోట్లన్నీ జెట్టీ దగ్గరే ఉంటాయి. ఆ రెండు నెలల్లో పాయింట్లు భద్రం చేసి, కొత్త సమాచారం ఎక్కించి పంపొచ్చు.

నాలుగు: ఆ పాయింట్లు వేటగాడి ఆస్తి. అతని అనుమతి లేకుండా ఏ కంపెనీ, ఏ శాఖ తీసుకోకూడదు.

కంప్యూటర్ సైన్స్ చదివే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి అందరూ చేసే చాట్‌బాట్ మళ్లీ చేయకండి. రెండు పాత డబ్బాల మధ్య పాయింట్లు మార్చే చిన్న ప్రోగ్రాం రాయండి. నావికుల నోటీసుల్ని తెలుగులోకి, మామూలు పాయింట్లలోకి మార్చి చూడండి. సామాజిక కార్యకర్తలు మత్స్యశాఖకి ఆర్టీఐ పెట్టండి: ఎన్ని పరికరాలు ఇచ్చారు, ఎన్ని పనిచేస్తున్నాయి, అప్‌డేట్ బాధ్యత ఎవరిది? జవాబు వస్తే నాకూ పంపండి, ఇక్కడే పెడదాం.

సముద్రం చార్టు గీసే చెయ్యి ఈ నగరంలో ఉంది. ఆ చార్టు అవసరమైన చెయ్యి చుక్కాని మీద ఉంది. ఈ రెండు చేతుల మధ్య "సపోర్టు లేదు" అనే మాట అడ్డం రానివ్వకూడదు.

వచ్చే భాగంలో: డెలివరీ పిల్లల్ని తప్పుదారి పట్టించే మ్యాపులు, ఆ జరిమానా ఎవరి జేబులోంచి పోతుంది.

జై భీమ్.